కువైటులో పది దినములు: ముందు వీసా నంబరు, తరువాత జీతము



గోదావరి పాయల మధ్యనున్న లంక గ్రామాలలోను, రాయలసీమలో రాజంపేట, రైల్వే కోడూరు, రాయచోటి ప్రాంతాలలోను కువైటు పేరు వినని ఇల్లు లేదు. పెంకుటిల్లు పోయి డాబా లేచిందంటే కువైటు. ఆడపిల్ల పెండ్లి కుదిరిందంటే కువైటు. అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్లలున్నారంటే అదీ కువైటే. మన సంఘాలలో కానుకల కవర్లపైన కూడా ఆ పేరు కనబడుతుంది. ప్రార్థన కూటములో ఎవరో ఒకరు లేచి, "మా వాడికి వీసా రావాలని ప్రార్థన చేయండి" అని అడుగుతారు. అందరమూ ఆమేన్ అంటాము. అయితే ఏ వీసా రావాలి అని అడిగేవారు బహు తక్కువ.

కువైటు వీసాలన్నీ ఒకటి కావు. ఒక్కొక్క దానికి ఒక నంబరు ఉన్నది. ఆ నంబరును బట్టి మనిషి ఎవరి చేతిక్రింద బ్రతుకుతాడు, వారమునకు ఒక దినము సెలవు దొరుకుతుందా, పని మారవచ్చునా, భార్యాబిడ్డలను తెచ్చుకొనవచ్చునా అనే సంగతులన్నీ నిర్ణయమవుతాయి. 2025 నవంబరులో అక్కడి తెలుగు విశ్వాసులు కొందరు పిలువగా మేమిద్దరమూ పది దినములు కువైటులో ఉండి వచ్చాము. అక్కడ చూచినవి, విన్నవి మన గ్రామ కుటుంబాలకు ఉపయోగపడునని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

నది లేని దేశము

హైదరాబాదు నుండి విమానములో సుమారు అయిదు గంటల ప్రయాణము. అక్కడ దిగినప్పుడు గడియారమును రెండున్నర గంటలు వెనుకకు త్రిప్పుకొనవలెను. గోదావరి ఒడ్డున పుట్టినవారికి ఆ దేశములో మొదట తోచే వెలితి నీరే. కువైటులో ఏడాది పొడుగున పారే నది ఒక్కటీ లేదు. త్రాగే నీరు కూడా చాలవరకు సముద్రపు నీటిలోని ఉప్పు తీసివేసి తయారు చేసుకొన్నదే. ఊరి మధ్యనుండి చూస్తే, సముద్రతీరమున 1979లో తెరచిన కువైట్ టవర్లు కనబడతాయి. నీలిరంగు పెద్ద బంతులు గ్రుచ్చినట్లున్న ఆ గోపురములలో నీటి ట్యాంకులున్నాయి. మనకు చెరువు గట్టు ఎట్లో వారికి అవి అట్లు.

మేము వెళ్ళినది చలికాలపు మొదలు గనుక గాలి చల్లగానే ఉన్నది. వేసవి సంగతి వేరు. 2016 జూలై 21న ఆ దేశములోని మిత్రిబా అనే చోట 53.9 డిగ్రీల వేడి నమోదైనది. అందుచేతనే జూన్ 1 నుండి ఆగస్టు 31 వరకు ఉదయము 11 గంటల నుండి సాయంత్రము 4 గంటల వరకు ఆరుబయట ఎండలో పని చేయించరాదని అక్కడి ప్రభుత్వము నిషేధించినది.

ఆ చిన్న దేశములో మన భారతీయులు సుమారు పది లక్షలమంది ఉన్నారు. పరాయి దేశస్థులలో మనవారే అందరికంటె ఎక్కువ. మాలియా అనే చోట శుక్రవారము సాయంత్రము నిలబడితే మన ఊరి సంతలో ఉన్నట్లే ఉంటుంది. "ఏవండీ, మీది రాజోలేనా?" అని ఒకరు, "మీది పుల్లంపేట పక్కనా?" అని మరొకరు. గోంగూర పచ్చడి, మరమరాలు, ఊరి పిండివంటలు అమ్మే కొట్లు, డబ్బు పంపే ఎక్స్ఛేంజీల ముందు బారులు. అయితే ఆ సందడిలో రానివారెవరో గమనించడము అవసరమని మాకు శుక్రవారపు ఆరాధనలో తెలిసినది.

శుక్రవారపు సంఘము

అక్కడ ఆదివారము పనిదినము. సెలవు శుక్రవారము గనుక సంఘములన్నీ ఆనాడే కూడుకొంటాయి. కువైటు నగరములోని నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణలో ఎన్నో దేశముల, ఎన్నో భాషల విశ్వాసులు వంతుల ప్రకారము ఆరాధించుకొంటారు. ఒక గదిలో అరబీ, ప్రక్క గదిలో మలయాళము, ఆ పైన తెలుగు. ఒక సంఘము ముగించి బయటకు వస్తుండగానే మరొకరు బైబిళ్ళతో మెట్లమీద నిలిచి ఉంటారు.

ఈ సంఘపు పుట్టుక మన ఆంధ్రదేశమునకు పరాయిది కాదు. అమెరికాలోని రిఫార్మ్‌డ్ చర్చి వారి అరేబియా మిషను ఇరువదవ శతాబ్దపు మొదటి భాగములో కువైటులో ఆసుపత్రి నడిపినది. 1912లో వచ్చిన డాక్టరు ఎలియనోర్ కాల్వర్లీ అక్కడి స్త్రీలకు వైద్యము చేసినది. 1931లో ఆరాధన మందిరము ప్రతిష్ఠ జరిగినది. ఆసుపత్రి 1967లో మూతపడినా ఆ భవనము సముద్రపు ఒడ్డున నేటికీ ఉన్నది. జనులు దానిని "అమ్రికానీ" అని పిలుస్తారు. ఇప్పుడు అది సాంస్కృతిక కేంద్రము. మన మదనపల్లెలో ఆసుపత్రి కట్టిన ఆర్కాటు మిషను కూడా ఆ సంఘము వారిదే. ఒకే సంఘము ఒక చేతితో మదనపల్లెను, మరొక చేతితో కువైటును పట్టుకొన్నది. ఇప్పుడు ఆ మదనపల్లె చుట్టుప్రక్కల గ్రామాలవారే ఆ కువైటు మందిరములో తెలుగు పాటలు పాడుచున్నారు. 1999లో ఆ సంఘమునకు కువైటు దేశస్థుడే, రెవరెండు ఇమ్మానుయేల్ ఘరీబ్ గారు, పాదిరిగా అభిషేకము పొందారు. దేవుని మార్గములు ఎంత వింతైనవి!

ఆరాధన తరువాత టీ త్రాగుతూ ఒక పెద్దాయన మాతో అన్నాడు: "అయ్యగారూ, ఈ హాల్లో మగవాళ్ళు ఎక్కువ ఉన్నారని చూశారా? మన జిల్లాల నుండి ఆడవాళ్ళే ఎక్కువ వచ్చారు కదా, మరి వాళ్ళేరీ? వాళ్ళకి ఇరవై నంబరండి. నెలకొక శుక్రవారం వచ్చేవాళ్ళున్నారు. క్రిస్మస్‌కి మాత్రమే వచ్చేవాళ్ళున్నారు. పదేళ్ళుగా ఇక్కడే ఉండి ఈ గేటు చూడనివాళ్ళూ ఉన్నారు." ఆ మాటతో మేము వీసా నంబర్ల సంగతి జాగ్రత్తగా విచారించడము మొదలుపెట్టాము.

20వ నంబరు

ఇది ఇంటి పనివారి వీసా. మనవారు ఖాదిం వీసా అంటారు. వంట చేసేవారు, పిల్లలను చూచేవారు, ఇంటి డ్రైవర్లు, తోటమాలులు అందరూ దీని క్రిందికే వస్తారు. వీసా ఇచ్చే ఇంటి యజమానిని కఫీల్ అంటారు. పనిమనిషి ఆ ఇంట్లోనే ఉండవలెను. యజమానిని బాబా అని, యజమానురాలిని మామా అని పిలవవలెను.

ఈ పనివారికి రక్షణగా అక్కడ చట్టము లేకపోలేదు. 2015లో చేసిన 68వ నంబరు చట్టము ప్రకారము దినమునకు 12 గంటలకు మించి పని చేయించరాదు. నడుమ విశ్రాంతి ఇవ్వవలెను. వారమునకు ఒక దినము సెలవు, ఏడాదికి జీతముతో కూడిన సెలవు ఇవ్వవలెను. పని మానునప్పుడు ఏడాదికి ఒక నెల జీతము చొప్పున లెక్కకట్టి ఇవ్వవలెను. పనిమనిషి పాస్‌పోర్టును యజమాని తన దగ్గర పెట్టుకొనరాదు. 2016లో నెల జీతము 60 దినార్లకు తగ్గరాదని నిర్ణయించారు. 2021 జూన్‌లో మన దేశము, కువైటు ఇంటి పనివారిని గూర్చి ఒక ఒప్పందము కూడా చేసికొన్నాయి.

అయితే ఆ చట్టము అమలు అవుతున్నదో లేదో చూడడానికి ఇంటి లోపలికి వచ్చేదెవరు? పదునాలుగు సంవత్సరములుగా ఒకే ఇంట్లో పని చేస్తున్న ఒక సహోదరిని కలిశాము. ఆమె ఇద్దరు కుమార్తెలను నర్సింగు చదివించుకొన్నది. యజమానురాలు ఆమెను ప్రతి శుక్రవారము కారులో చర్చి గేటు దగ్గర దింపుతుంది. "మాది దేవుడిచ్చిన ఇల్లు అమ్మగారూ" అని ఆమె సంతోషముగా చెప్పినది. ఆ వెంటనే గొంతు తగ్గించి, "మా వీధిలోనే ఇంకో ఇంట్లో మన పిల్ల ఉంది. ఫోను కూడా మామా దగ్గరే ఉంటుంది. ఇల్లు మంచిదైతే అన్నీ మంచివే. ఇల్లు చెడ్డదైతే అడిగేవాళ్ళు లేరు" అన్నది.

బాధ పడలేక ఇల్లు విడిచి బయటకు వచ్చిన పనిమనిషిపైన యజమాని పరారీ కేసు పెట్టవచ్చు. అప్పటినుండి ఆమె ఉండడము చట్టవిరుద్ధమవుతుంది. అట్టివారు ఎక్కడో దాగుకొనక తిన్నగా మన రాయబార కార్యాలయమునకు వెళ్ళవలెను. అక్కడ సహాయము దొరుకుతుంది. శారా ఇంటినుండి పారిపోయి అరణ్యములో నీటి ఊటయొద్ద కూర్చుండిన హాగరును దేవుడు చూచాడని మనకు తెలియును. ఆ దాసి ఏ దేశమునుండి వచ్చినదో, ఎవరి ఇంటిలోనుండి వచ్చినదో ఆయన ఎరుగును. మన ఊరి హాగరులను కూడా ఆయన చూస్తున్నాడు. మనము కూడా చూడవలెను.

20 నుండి 18కి మారిపోవచ్చులెమ్మని ఏజెంట్లు చెప్పే మాట నమ్మదగినది కాదు. 2024లో జూలై 14 నుండి సెప్టెంబరు 12 వరకు, యజమాని సమ్మతితో, 50 దినార్ల రుసుముతో ఆ మార్పునకు అవకాశమిచ్చారు. అది రెండు నెలల తలుపు మాత్రమే. మరల ఎప్పుడు తెరుస్తారో అనే ఆశమీద జీవితము కట్టుకొనరాదు.

18వ నంబరు, దాని నీడ

ఇది కంపెనీలలో, దుకాణాలలో, హోటళ్ళలో పనిచేసేవారి వీసా. మనవారు దీనిని షూన్ వీసా అని కూడా అంటారు. వీరికి వర్తించేది 2010 నాటి కార్మిక చట్టము: దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు పని, వారమునకు ఒక దినము సెలవు. ఒకే చోట మూడేండ్లు నిండినవారికి కంపెనీ మారడము సులభము. ప్రభుత్వ కాంట్రాక్టుపై వచ్చిన 18 వీసాకు మార్పిడి నిబంధనలు వేరు గనుక, కాగితములో ఆ మాట ఉన్నదేమో ముందే చూచుకొనవలెను. మరియు 2025 జూలై 1 నుండి 18వ నంబరు వారు దేశము విడిచి రావలెనంటే యజమాని ఆమోదించిన ఎగ్జిట్ పర్మిట్ తప్పనిసరి. తండ్రి చనిపోయాడని కబురు వచ్చినా ఆ అనుమతి లేనిదే విమానమెక్కలేరు.

వసతి సంగతి కూడా అడుగవలెను. 2024 జూన్ 12 తెల్లవారుజామున మంగాఫ్ అనే చోట కార్మికులు నివసించే భవనము అగ్నికి ఆహుతి అయినది. చనిపోయినవారిలో ఎక్కువమంది మన భారతీయులు. వారిలో ముగ్గురు ఆంధ్రులు. "వసతి కంపెనీదే" అని ఒప్పందములో ఉంటే చాలదు. ఎన్నవ అంతస్తు, గదికి ఎంతమంది, బయటకు దారులెన్ని అని, అక్కడ ఇదివరకే ఉన్న మన ఊరివారిని అడిగి తెలుసుకొనవలెను.

18వ నంబరుకు ఒక నీడ ఉన్నది. అదే ఆజాద్ వీసా. ఆజాద్ అంటే స్వేచ్ఛ. "వీసా ఒకరి పేరున, పని నీకిష్టమైన చోట" అని చెప్పి లక్షలు తీసుకొంటారు. కాగితముమీద కంపెనీ ఉంటుంది, అక్కడ పని ఉండదు. వెళ్ళినవాడు వేరే చోట పని వెదకుకొనవలెను. అది ఆ దేశపు చట్టమునకు విరోధము. తనిఖీలో పట్టుబడితే వేలిముద్రలు తీసి దేశమునుండి పంపివేస్తారు. 2025 జనవరి 5న అమలులోనికి వచ్చిన క్రొత్త నివాస చట్టము వీసాల అమ్మకమును నేరముగా ఎంచి జైలు శిక్ష విధిస్తున్నది.

హసావి ప్రాంతములో ఆరుగురు మనవారు కలిసి ఉండే ఒక గదికి మమ్మును భోజనమునకు పిలిచారు. మూడు వరుసల మంచాలు, గోడకు దేవుని వాక్యము వ్రాసిన క్యాలెండరు, చేపల పులుసు. వారిలో ఇద్దరు ఆజాద్ వీసావారు. ఒకతను చెప్పాడు: "అయ్యగారూ, పేరేమో స్వేచ్ఛ. పోలీసు బండి కనబడితే సందులోకి తప్పుకునేది మేమే. ఏడాదికి 300 దినార్లు కఫీల్‌కి కడితేగాని ఇకామా రెన్యూవల్ కాదండి." చర్చికి కూడా బస్సులో రావడము మానివేశానని, బస్టాండులో తనిఖీ ఉంటుందని భయమని అన్నాడు. ఆ రాత్రి మేము వారితో ప్రార్థన చేసి వచ్చాము.

17, 22 నంబర్లు

ప్రభుత్వ ఉద్యోగులకు 17వ నంబరు. ప్రభుత్వ ఆసుపత్రులలో పనిచేసే మన నర్సులు దీనిపైన ఉంటారు. మన ఆడపిల్లలు ఇంటి పనికి వెళ్ళిన దేశమునకే వారి కుమార్తెలు నర్సులుగా వెళ్ళగలిగితే ఎంత మేలు! అయితే నర్సులను గల్ఫ్ దేశములకు పంపుటకు మన కేంద్ర ప్రభుత్వము 2015 నుండి రాష్ట్ర ప్రభుత్వ సంస్థలకే అధికారమిచ్చినది. ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్, తెలంగాణలో టాంకామ్ అట్టి సంస్థలు. నర్సు ఉద్యోగమని ప్రైవేటు ఏజెంటు లక్షలు అడిగితే అక్కడే అనుమానించవలెను.

భార్యాబిడ్డలను తీసికొని వెళ్ళునది 22వ నంబరు. 2024 జనవరిలో ఈ వీసాలను మరల ఇవ్వడము మొదలుపెట్టినప్పుడు, తెచ్చుకొనేవారి జీతము నెలకు కనీసము 800 దినార్లు ఉండవలెనని నియమము పెట్టారు. మన గ్రామములనుండి వెళ్ళేవారిలో ఎందరికి అంత జీతము? గనుక "నేను ముందు వెళ్ళి, ఏడాదిలో మిమ్మును తెచ్చుకొంటాను" అనే మాట భార్యతో చెప్పేముందు ఈ అంకెను తలచుకొనవలెను. 20వ నంబరుమీద వెళ్ళిన తల్లి బిడ్డలను తెచ్చుకొనే ప్రసక్తే లేదు. ఆమె వెళ్ళేది ఒంటరిగానే అని ఇంటిల్లిపాదీ తెలిసి ఒప్పుకొనవలెను.

విజిట్ వీసా చూడడానికే గాని పనికి కాదు. మేము వెళ్ళినది దానిమీదనే. "ముందు విజిట్‌లో వెళ్ళు, అక్కడ మార్పిస్తాము" అనే మాట విన్నచోట ఇక కూర్చుండక లేచి రావలెను.

ఒక కుటుంబము ఎదుట రెండు కాగితములు

మేము బయలుదేరకముందే మా ప్రాంతములోని ఒక యౌవన దంపతులు ఈ సంగతి కనుగొని రమ్మని మమ్మును కోరారు. భర్త వయస్సు 32, పట్టణములో ఏసీలు బాగుచేసే పని. భార్యకు 27, పదవ తరగతి తప్పినది. ఇద్దరు చిన్న పిల్లలు. ఇంటిమీద అప్పు. ఒక ఏజెంటు వారి ముందు రెండు మార్గాలు పెట్టాడు.

మొదటిది భార్యకు 20వ నంబరు: జీతము 120 దినార్లు, వారు కట్టవలసినది ఏమీ లేదు, పైగా వెళ్ళేముందు ఇంటికి 60,000 రూపాయలు ఇస్తానన్నాడు. రెండవది భర్తకు ఆజాద్ 18: మూడున్నర లక్షలు కట్టవలెను, సంపాదన అతని అదృష్టము. ఇద్దరు పిల్లలున్న ఇంట అప్పులవాడు గుమ్మములో కూర్చుండగా మొదటి కాగితము ఎంత తియ్యగా కనబడుతుందో పాఠకులకు చెప్పనవసరము లేదు.

మేము తిరిగి వచ్చి వారితో కూర్చుండి లెక్క చూచాము. పదవ తరగతి పాసుకానివారి పాస్‌పోర్టు ఈసీఆర్ తరగతిది. అట్టి స్త్రీ 30 సంవత్సరములు నిండనిదే ఇంటి పనికి గల్ఫ్ దేశములకు వెళ్ళుటకు మన ప్రభుత్వము అనుమతి ఇవ్వదు. నిండిన తరువాత కూడా రాష్ట్ర ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్ళవలెను. మరి ఏజెంటు ఆమెను ఎట్లు పంపుతాడు? ఆధార్‌లో పుట్టిన తేదీ మార్పించి 31 అని చూపిస్తాడట. అట్లు వెళ్ళిన మనిషికి కష్టము వస్తే ఏ ప్రభుత్వపు పుస్తకములోను ఆమె సరియైన వివరములు ఉండవు. ఆ 60,000 రూపాయలు కూడా కానుక కాదు. ఆమె తిరిగి వస్తానన్ననాడు "కట్టిన డబ్బు ఇచ్చి వెళ్ళు" అనడానికి వేసిన ముడి.

ఇక రెండవ కాగితము. దినారును 280 రూపాయలుగా లెక్క వేసుకొన్నాము. మూడున్నర లక్షలకు నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 7,000, ఏడాదికి 84,000. కఫీల్‌కు కట్టే 300 దినార్లు మరొక 84,000. రెండూ కలిపి 1,68,000. అసలు అణా తీరకుండానే, బియ్యము కొనకుండానే, నెలకు 50 దినార్లు పోతాయి. పని దొరకని నెలలో కూడా పోతాయి.

భర్త నిశ్శబ్దముగా ఉన్నాడు. అప్పుడు భార్య అన్నది: "నాకు ఇరవై ఏడని దేవుడికి తెలుసండి. కాగితం మీద ముప్పై ఒకటని రాయించుకుని, మళ్ళీ ఆయన్నే కాపాడమని ఎలా అడగను?" ఆ మాటతో మొదటి కాగితము ప్రక్కన పెట్టారు. రెండవది లెక్కే ప్రక్కన పెట్టినది.

ఇప్పుడు భర్త, ప్రభుత్వ లైసెన్సు ఉన్న ఒక ఏజెంటు ద్వారా ఏసీ మెకానిక్కుగా 18వ నంబరుకు దరఖాస్తు పెట్టుకొన్నాడు. జీతము 130 దినార్లు, వసతి కంపెనీది. చట్ట ప్రకారము ఏజెంటు తీసికొనదగినది 30,000 రూపాయలు, దానిపై 18 శాతము జీఎస్టీ, మొత్తము 35,400. తిండికి 30 దినార్లు పోయినా నెలకు 28,000 రూపాయలు ఇంటికి పంపగలడు. కట్టిన రుసుము రెండు నెలలలోపే తిరిగి వస్తుంది. కాని ఇంటర్వ్యూ అయినది గాని వీసా ఇంకా రాలేదు. అప్పులవాడు ఇంకా వస్తూనే ఉన్నాడు. మొదటి ఏజెంటు ఇప్పటికీ ఫోను చేస్తున్నాడు. ఆలస్యమైనా నిజమైన కాగితముకొరకు కనిపెట్టే ఆ కుటుంబమును మీ ప్రార్థనలలో జ్ఞాపకము చేసికొనుడి.

సంఘముగా చేయదగినవి

కరవు వచ్చినప్పుడు దేశము విడిచి వెళ్ళడము పాపము కాదు. యాకోబు కుటుంబమంతా ఐగుప్తునకు వెళ్ళినది. ఎలీమెలెకు, నయోమి మోయాబునకు వెళ్ళారు. కాని నయోమి తిరిగి వచ్చిన విధమును కూడా మనము చదువుకొన్నాము. గోపురము కట్టేవాని ఉపమానము ప్రభువు ఊరకే చెప్పలేదు. వెళ్ళేవారిని ఆపడము సంఘము పని కాదు. లెక్క చూచుకొని వెళ్ళునట్లు చేయడము సంఘము పని. ఇందుకు పెద్ద ఖర్చు అక్కరలేదు.

మొదటిది, ప్రతి సంఘములో చదువుకొన్న యౌవనస్థుడొకడు ఈమైగ్రేట్ వెబ్‌సైటు చూడడము నేర్చుకొనవలెను. ఏజెంటు పేరు, లైసెన్సు అక్కడ ఉన్నదో లేదో క్షణములో తెలుస్తుంది. లేనివాడు ఎంత భక్తిగా మాట్లాడినా, మన బంధువే అయినా, పాస్‌పోర్టు చేతికియ్యరాదు.

రెండవది, ఒప్పందపు కాగితము చదివించుకొనక సంతకము చేయరాదు. వీసా నంబరు, కఫీల్ లేక కంపెనీ పేరు, జీతము, పని, సెలవు దినము, ఈ అయిదింటిని ఒక నోటు పుస్తకములో వ్రాసి, పాస్‌పోర్టు నకలుతో ఇంటిలో ఒకటి, సంఘములో ఒకటి ఉంచవలెను. కష్టము వచ్చిన దినమున రాయబార కార్యాలయమునకు ముందుగా కావలసినవి ఇవే.

మూడవది, ఈసీఆర్ పాస్‌పోర్టుతో వెళ్ళేవారికి ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. రెండేండ్లకు 275, మూడేండ్లకు 375 రూపాయలు, పన్ను అదనము. ప్రమాదములో మరణించినా, శాశ్వతముగా అంగవైకల్యము కలిగినా 10 లక్షలు వస్తాయి. దొడ్డిదారిన వెళ్ళినవారికి ఈ ఆదరువు లేదు.

నాలుగవది, భర్తను కోల్పోయినవారు, విడువబడినవారు, వేరే దారిలేక 20వ నంబరుకే వెళ్ళవలసిన సహోదరీలు కొందరుంటారు. వారిని తప్పుపట్టవద్దు. సరియైన వయస్సుతో, ప్రభుత్వ సంస్థ ద్వారా వెళ్ళునట్లు తోడుపడుడి. అక్కడి తెలుగు సంఘము వారికి ముందుగానే కబురు చేయుడి. వారమునకొకసారి ఫోను చేసి, "శుక్రవారం బయటికి పంపుతున్నారా?" అని అడుగుడి. ఆ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబులో ఆ ఇల్లెట్టిదో చాలవరకు తెలిసిపోతుంది.

అయిదవది, తల్లి వెళ్ళిన ఇంట పిల్లలను సండేస్కూలు టీచర్లు ప్రత్యేకముగా చూచుకొనవలెను. నెలనెలా వచ్చే డబ్బు పుస్తకములు కొనగలదు గాని జ్వరము వచ్చిన రాత్రి నుదుట చేయి వేయలేదు.

ఇకమీదట మన కూటములో ఎవరైనా లేచి వీసాకొరకు ప్రార్థన కోరితే, మోకరించకముందు ప్రేమతో రెండు ప్రశ్నలు అడుగుదము: "ఎన్నవ నంబరు? ఎవరి పేరున?" జవాబు తెలియకపోతే, కనుగొని రమ్మని పంపుదము. తెలిసిన తరువాత అందరమూ కలిసి ఆమేన్ అందము.

దూరదేశములోనున్న మన బిడ్డలందరికి దేవుడు తోడైయుండును గాక.